ఆన్‌లైన్‌లో కొన్నది పాడుసరుకు, అమ్మినవారు పలకడం లేదు: డబ్బు వెనక్కి రావాలంటే ఏ దారి పట్టాలి?

ఇడ్లీ పిండి అంచున నల్లటి చార మొదటిసారి కనిపించినప్పుడు అది రాతిపొడి అనుకున్నాం. కొత్త గ్రైండరులో రాళ్లు కుదురుకునేదాకా రెండు మూడు వాయిలు కల్లుప్పూ తవుడూ వేసి తిప్పి పారబోయడం మనకు తెలిసిన పనే. నాలుగో వాయికి కూడా అదే చార వచ్చేసరికి కొంచెం పిండి తీసి తెల్లకాగితం మీద రాసి ఎండలో పెట్టాను. పిండి ఎండి రాలిపోయింది, కాగితం మీద మాత్రం నూనె మరక నిలిచింది. అంటే డ్రమ్ము కింది ఇరుసులోంచి గ్రీజు పైకి ఎక్కుతోందన్నమాట. తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఆ గ్రైండరు ధర 6,490 రూపాయలు. చాట్‌లో ఎన్నిసార్లు అడిగినా అమ్మకందారు ఇచ్చిన జవాబు ఒక్కటే: "కొత్త రాయి కదండీ, సర్దుకుంటుంది." ఆ మాట నమ్మి ఇరవై నాలుగు రోజులు పోగొట్టుకున్నాను. రిటర్న్ గడువు పది రోజులే.

ఇలాంటి స్థితిలో ఉన్నవారికి తలా ఒక సలహా ఇస్తారు. ఒకరు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమంటారు, ఒకరు బ్యాంకుకు వెళ్లమంటారు, లాయరు నోటీసు పంపమని ఇంకొకరు, కన్జ్యూమర్ కోర్టుకు వెళ్లమని మరొకరు అంటారు. ఈ సలహాలన్నీ సరైనవే కానీ అన్నీ అందరికీ పనికిరావు. ఒకటి చేసి చూసి, అది కాకపోతే ఇంకొకటి అని వరుస పెట్టుకునేవారికి మొదటి దారి తేలేలోపు రెండో దారి గడువు దాటిపోతుంది.

## ముందుగా తేల్చుకోవలసిన సంగతులు

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది డబ్బు ఎలా కట్టారన్నది. క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు, యూపీఐ, వస్తువు అందాక నగదు అనే నాలుగు పద్ధతుల్లో కార్డుతో కట్టినవారికి ఉన్న ఒక దారి మిగిలినవారికి దాదాపు లేదు. వస్తువు ధర ఎంతన్నది దాని తర్వాతి మాట.

రెండోది గడువులు. ఇవి ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యేవి కావు, అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. ప్లాట్‌ఫారం రిటర్న్ గడువు వారం నుంచి పది రోజులు ఉండవచ్చు. కార్డు వివాదాలకు వీసా, మాస్టర్‌కార్డు నిబంధనల్లో సాధారణంగా 120 రోజులు ఉంటాయి. వినియోగదారుల కమిషన్‌కు, అంటే కన్జ్యూమర్ కోర్టుకు, వెళ్లడానికి వివాదం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లు. "మా టీమ్ 48 గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తుంది" అనే సందేశం వచ్చిన ప్రతిసారీ వీటన్నిటిలోంచీ రెండేసి రోజులు తరుగుతాయి.

మూడోది, అసలు అమ్మింది ఎవరో తెలుసుకోవడం. మీరు యాప్‌లో కొన్నా ఇన్‌వాయిస్ మీద వేరొక వ్యాపార సంస్థ పేరు ఉంటుంది, చట్టం దృష్టిలో అమ్మకందారు ఆ సంస్థే. ఇన్‌వాయిస్ మీది జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి: 37 ఆంధ్రప్రదేశ్, 33 తమిళనాడు, 29 కర్ణాటక, 36 తెలంగాణ, 07 ఢిల్లీ. ఆ నంబరును జీఎస్‌టీ పోర్టల్‌లో వెతికితే సంస్థ అసలు పేరు, నమోదు వివరాలు కనబడతాయి. మా గ్రైండరు పెట్టె మీద ఒక ఊరి పేరు, యాప్‌లో మరో ఊరి పేరు ఉన్నాయి, నంబరు మాత్రం 07తో మొదలైంది. ఉత్తరం ఎక్కడికి రాయాలో అప్పటిదాకా నాకు తెలియదు.

నాలుగోది రుజువు. వస్తువు ఇంకా మీ చేతిలో ఉందా, లోపం కంటికి కనబడేదా, మెకానిక్ విప్పి చూస్తే గానీ తెలియనిదా? పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయలేదు కనుక రిఫండ్ ఇవ్వబోమని చాలామంది అమ్మకందారులు అంటారు. వీడియో ఉంటే మంచిదే కానీ అది లేనంత మాత్రాన హక్కు పోతుందని ఏ చట్టమూ చెప్పలేదు. కంపెనీ అధీకృత సర్వీస్ సెంటరు ఇచ్చే జాబ్ షీటులో "ఇరుసు సీలు లీకు" అని ఒక్క ముక్క రాయించుకుంటే అది పది ఫోటోల పెట్టు.

హక్కు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చి 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద అదే నెలలో వెలువడిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి గానీ అమ్మకందారు నిరాకరించకూడదు. లోపమున్న వస్తువు డబ్బును బిల్లులో చెప్పిన గడువులో, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. కాబట్టి ఇన్‌వాయిస్ అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న "నో రిటర్న్, నో రిఫండ్" అనే మాట లోపమున్న సరుకు విషయంలో చెల్లదు. అయితే రంగు నచ్చలేదు, సైజు తప్పు ఎంచుకున్నాను, ఇంకొక చోట తక్కువకు దొరికింది వంటి కారణాలకు ఈ రక్షణ వర్తించదు. అక్కడ అమ్మకందారు పెట్టిన రిటర్న్ షరతులే చివరి మాట.

## ఒక్క చూపులో

| దారి | ఖర్చు | పట్టే కాలం | ఎవరికి పనికొస్తుంది | ఎక్కడ ఆగిపోతుంది |
|---|---|---|---|---|
| సంస్థ ఫిర్యాదుల అధికారి | లేదు | నెల లోపు | అందరికీ. తొలి మెట్టు | చిరునామా లేని చిన్న అమ్మకందారు దగ్గర |
| 1915 హెల్ప్‌లైన్ | లేదు | కొన్ని వారాలు | పేరున్న ప్లాట్‌ఫారాల్లో కొన్నవారికి | సంస్థ కాదంటే ఆదేశించే అధికారం లేదు |
| కార్డు చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రప్పించుకోవడం) | లేదు | వారాల నుంచి నెలలు | కార్డుతో కట్టినవారికి | యూపీఐ, నగదు చెల్లింపుల దగ్గర |
| నోటీసు | పోస్టు ఖర్చు, లేదా లాయరు ఫీజు | 15 రోజుల గడువు | కమిషన్‌కు వెళ్లదలచినవారికి | జవాబు రాకపోతే తనంతట ఏమీ చేయలేదు |
| వినియోగదారుల కమిషన్ | 5 లక్షల దాకా ఫీజు లేదు | నెలలు, ఒక్కోసారి ఏళ్లు | పెద్ద మొత్తం, బలమైన కాగితాలు ఉన్నవారికి | ఓపిక దగ్గర |
| 1930 సైబర్ ఫిర్యాదు | లేదు | మొదటి గంటలే కీలకం | మోసపోయినవారికి | ఉత్త లోపం, మొండితనం ఉన్నచోట |

## ఫిర్యాదుల అధికారి: చాట్‌తో సరిపెట్టకండి

చాట్‌లో మాట్లాడే ప్రతినిధి వేరు, చట్టం పెట్టమన్న ఫిర్యాదుల పరిష్కార అధికారి వేరు. ప్రతి ఈ-కామర్స్ సంస్థా తన ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఈ పేరు సాధారణంగా యాప్‌లో అట్టడుగున, నిబంధనలూ షరతుల పేజీలో దాగి ఉంటుంది, ఓపికగా వెతుక్కోవాలి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేయడం మాత్రం ప్రమాదం. రిఫండ్ ఇప్పిస్తామంటూ ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, పిన్ కొట్టించి ఖాతా ఖాళీ చేసే ముఠాలు ఆ వెతుకులాటనే కనిపెట్టుకుని ఉంటాయి. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు.

ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. ఆర్డర్ నంబరు, తేదీ, ధర, లోపం ఏమిటి, ఏ రోజున ఎవరికి చెప్పారు, వారు ఏమన్నారు, ఇప్పుడు మీకు ఏం కావాలి అన్నవి చాలు. "తగు చర్య తీసుకోగలరు" అని ముగిస్తే వాళ్లు ఇంకొక గ్రైండరు పంపి ఫైలు మూసేస్తారు. మాకు జరిగింది అదే: మొదట మార్పిడికి ఒప్పుకున్నాను, వచ్చిన రెండోదానిలోనూ అదే మరక. "మార్పిడి వద్దు, కట్టిన 6,490 రూపాయలూ అదే కార్డుకు తిరిగి రావాలి" అని స్పష్టంగా రాసినది ఆ తర్వాతే.

## 1915: మధ్యవర్తి, న్యాయమూర్తి కాదు

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ను కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నడుపుతుంది. తెలుగుతో కలిపి 17 భాషల్లో, జాతీయ సెలవులు తప్ప అన్ని రోజులూ ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. మీ ఫిర్యాదుకు ఒక డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు సంఖ్య, ఇచ్చి దాన్ని సంస్థకు పంపుతుంది, వాళ్ల జవాబు మీకు చేరవేస్తుంది. వెయ్యికి పైగా సంస్థలు ఈ హెల్ప్‌లైన్‌తో భాగస్వాములుగా ఉన్నాయి. మీరు కొన్న ప్లాట్‌ఫారం వాటిలో ఒకటైతే ఫిర్యాదు నేరుగా వాళ్ల పై స్థాయి విభాగానికి చేరుతుంది కనుక చాట్‌లో నెల రోజులు కదలనిది ఇక్కడ వారంలో కదిలిన సందర్భాలు ఉంటాయి.

దాని హద్దు కూడా తెలిసి ఉండాలి. సంస్థ "మేం ఇవ్వం" అంటే 1915 ఆ మాట మీకు చెప్పి ఫైలు మూసేస్తుంది, కట్టితీరాలని ఆదేశించలేదు. అయినా ఆ మూసివేత కాగితం కూడా రేపు కమిషన్‌లో పనికొస్తుంది: మీరు సామరస్యంగా ప్రయత్నించారనీ వాళ్లు ఏ కారణం చెప్పి కాదన్నారనీ అదే చూపిస్తుంది. మాట్లాడే ముందు ఇన్‌వాయిస్ ఎదురుగా పెట్టుకోండి. ఫిర్యాదును రెండు వాక్యాల్లో చెప్పడం సాధన చేసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే అవతల రాసుకునేవారు మీరు చెప్పినదాన్నే సంక్షిప్తం చేసి సంస్థకు పంపుతారు. నేను మొదటిసారి గ్రీజు కథంతా చెబితే "ఉత్పత్తి నాణ్యత బాగాలేదు" అని నమోదైంది. మళ్లీ చేసి "పిండిలో మోటారు గ్రీజు కలుస్తోంది, తినడానికి ప్రమాదం" అని రాయించాల్సి వచ్చింది.

## చార్జ్‌బ్యాక్: తక్కువమందికి తెలిసిన గట్టి దారి

కార్డుతో కట్టినప్పుడు డబ్బు మీ బ్యాంకు నుంచి కార్డు నెట్‌వర్కు ద్వారా అమ్మకందారు బ్యాంకుకు వెళుతుంది. వస్తువు రాకపోయినా, వచ్చినది చెప్పినట్టు లేకపోయినా, మీ బ్యాంకు ఆ దారిలోనే వెనక్కి వెళ్లి డబ్బు అడగవచ్చు. ఇది దయాధర్మం కాదు, నెట్‌వర్కు నిబంధనల్లో ఉన్న ప్రక్రియ. అమ్మకందారు జవాబు ఇవ్వకపోతేనో, ఇచ్చిన జవాబు నిలవకపోతేనో డబ్బు మీ ఖాతాకు వస్తుంది. ఇతర దారుల్లో రుజువులు పోగేసి వెంటపడవలసింది మీరు. ఇక్కడ మాత్రం అమ్మకందారు తన బ్యాంకుకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ ఒక్క తేడా వల్లే కార్డుతో కట్టినవారు ఈ దారిని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదని నా అభిప్రాయం.

బ్యాంకు శాఖకు వెళ్లి "రిఫండ్ రాలేదు" అంటే "షాపువాళ్లను అడగండి" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. కార్డు విభాగానికి వివాద ఫారం, అంటే డిస్ప్యూట్ ఫారం, ఇవ్వాలని అడగండి. కారణం గడిలో "వర్ణించినట్టు లేని లేదా లోపమున్న సరుకు" అన్న దానినే ఎంచుకోండి. "నేను చేయని లావాదేవీ" అని పొరపాటున టిక్కు పెడితే మీ కేసు మోసం కింద నమోదై, మీరే చేశారని తేలగానే కొట్టివేతకు గురవుతుంది. అమ్మకందారును ముందు సంప్రదించినట్టు, వస్తువు తిరిగి ఇవ్వడానికి సిద్ధపడినట్టు చూపే మెయిళ్లు జతచేయాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, కారణం చెప్పకుండా తోసిపుచ్చినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కాకపోతే ఆ ఫిర్యాదు బ్యాంకు సేవాలోపం మీదే, గ్రైండరు లోపం మీద కాదు.

నెలవాయిదాల మీద కొన్నవారికి ఒక జాగ్రత్త: వివాదం నడుస్తుండగా కోపంతో వాయిదాలు ఆపకండి. అమ్మకందారుతో తగవు వేరు, బ్యాంకు అప్పు వేరు. వాయిదా తప్పితే ఆలస్య రుసుమూ క్రెడిట్ స్కోరు నష్టమూ మీవే.

యూపీఐ విషయంలో ఇంత బలం లేదు. అక్కడ మీరే పిన్ కొట్టి డబ్బు పంపారు. యాప్‌లో వివాదం నమోదు చేసే వీలుంది, చేయాలి కూడా, కానీ అది సాంకేతిక లోపాలకూ డబ్బు చేరని సందర్భాలకూ పనిచేసినంతగా సరుకు నాణ్యత తగవులకు పనిచేయదు. వస్తువు అందాక నగదు ఇచ్చినవారికి ఈ దారి అసలే లేదు. నగదు పద్ధతి భద్రమని మన పెద్దవాళ్లు నమ్ముతారు. రాని వస్తువు విషయంలో అది నిజమే, పాడుసరుకు విషయంలో మాత్రం తారుమారు.

## నోటీసు: లాయరు కావాలా?

కమిషన్‌కు వెళ్లే ముందు నోటీసు తప్పనిసరి అని చట్టంలో ఎక్కడా లేదు. అయినా పంపడం మంచిది. వస్తువు విలువ ఐదారు వేల రూపాయల లోపైతే లాయరు లెటర్‌హెడ్ కోసం డబ్బు పెట్టడం నాకు సబబుగా తోచదు. మీరే రాసి, 15 రోజుల గడువు పెట్టి, ఇన్‌వాయిస్‌లోని అమ్మకందారుకూ ప్లాట్‌ఫారం ఫిర్యాదుల అధికారికీ తయారీదారుకూ మూడు ప్రతులు పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది కనుక కౌంటరు దగ్గర స్పీడ్‌పోస్టు అనే అడగండి. అందినట్టు చూపే ట్రాకింగ్ పేజీని ఆ వారంలోనే ప్రింటు తీసి పెట్టుకోండి. చిరునామాలో ఎవరూ లేరని కవరు తిరిగివస్తే విప్పకుండా అలాగే దాచండి, సీలుతో ఉన్న ఆ కవరే రుజువు.

## వినియోగదారుల కమిషన్: చివరిదే కానీ అందనిది కాదు

పాతవాళ్లు ఇంకా ఫోరం అనే పిలిచే ఈ కమిషన్‌కు వెళ్లాలంటే అమ్మకందారు ఉన్న ఢిల్లీకో ముంబయికో పోవాలని చాలామంది అనుకుంటారు. 2019 చట్టం ఆ బాధ తీర్చింది. ఫిర్యాదీ నివసించే చోట, లేదా ఉపాధి పొందే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు. మనకు చిత్తూరులోనూ తిరుపతిలోనూ కమిషన్లు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినా చాలామంది ఆధార్ కార్డుల్లో ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంది. చిరునామా మీద అనవసరమైన అభ్యంతరం రాకుండా కరెంటు బిల్లో అద్దె ఒప్పందమో జతచేయండి.

కట్టిన ధర 50 లక్షల రూపాయల దాకా ఉంటే జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, కనుక ఇంటి సామాను కొన్నవారెవరూ ఫీజు గురించి ఆలోచించనవసరం లేదు. లాయరును పెట్టుకోవడమూ తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో మొబైల్ నంబరు, ఈ-మెయిల్‌తో నమోదై ఫిర్యాదు, ప్రమాణపత్రం, ఇన్‌వాయిస్, ఉత్తరప్రత్యుత్తరాలు పీడీఎఫ్‌లుగా ఎక్కించవచ్చు. ఫిర్యాదు స్వీకరించాలా వద్దా అన్నది సాధారణంగా 21 రోజుల్లో తేలాలి. అవతలివారు నోటీసు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15 రోజులు. అంతకు మించి గడువు ఇవ్వరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో స్పష్టం చేసింది.

ఇంతవరకు బాగానే ఉంది. తీర్పు మాత్రం చట్టం చెప్పినంత వేగంగా రాదు. అవతలి పక్షానికి నోటీసు అందిన 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాయిదాలు పడుతూ అది ఏడాది దాటడం మామూలే. ల్యాబ్ పరీక్ష అవసరమయ్యే లోపాల్లో నమూనా పంపే ఫీజు ముందుగా ఫిర్యాదీయే కట్టవలసి వస్తుంది. సర్వీస్ సెంటరు జాబ్ షీటు ముందే సంపాదించమన్నది అందుకే, అది ఉంటే చాలా సందర్భాల్లో పరీక్ష దాకా పోనక్కరలేదు. స్క్రీన్‌షాట్ల మీద అభ్యంతరం రాకుండా భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రుజువులకు ఇచ్చే ధ్రువపత్రం కూడా జతచేయడం మంచి అలవాటు.

ఈ ఓపికకు ప్రతిఫలం పెద్దదే. మిగిలిన దారుల్లో మహా అయితే కట్టిన డబ్బు వస్తుంది. ఇక్కడ దానితో పాటు వడ్డీ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు కూడా ఇప్పించవచ్చు. ఆదేశాన్ని సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించుకోవచ్చు. పాటించకపోతే నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అవతలివారు విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లాలంటే 45 రోజుల్లో వెళ్లాలి, కట్టమన్న మొత్తంలో సగం ముందు జమచేయాలి. ఆరువేల గ్రైండరు కోసం అప్పీలు దాకా పోవడానికి పెద్ద సంస్థలు సాధారణంగా ఇష్టపడవు, కనుక కమిషన్ నోటీసు అందగానే రాజీకి ఫోన్ రావడం కూడా జరుగుతుంది.

## మరో మూడు తలుపులు, క్లుప్తంగా

1930 నంబరు సైబర్ ఆర్థిక మోసాలది. అమ్మకందారు పేజీ మాయమైనా, పెట్టెలో చీరకు బదులు పాత గుడ్డలు వచ్చి ఫోన్ స్విచ్చాఫ్ అయినా, అది లోపమున్న సరుకు కేసు కాదు, మోసం. అప్పుడు గంటల్లో ఫోన్ చేయాలి, డబ్బు చేతులు మారేలోపే ఖాతా నిలిపివేత సాధ్యమవుతుంది. మాట్లాడుతూనే రిఫండ్ ఎగ్గొడుతున్న అమ్మకందారు మీద దీన్ని వాడితే ఫలితం ఉండదు.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక్కొక్కరి రిఫండ్ చూడదు, చాలామందికి ఒకే హాని జరిగినప్పుడు కదులుతుంది. 2022 ఆగస్టులో నాణ్యతా ప్రమాణం లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు ఒక పెద్ద ప్లాట్‌ఫారం 2,265 కుక్కర్లను వెనక్కి తీసుకుని కొన్నవారికి డబ్బు ఇవ్వాలని అది ఆదేశించింది. మీ వస్తువు లోపం ప్రాణానికి ప్రమాదమయ్యేదైతే 1915తో పాటు అక్కడికీ రాయండి.

న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో రాజీ ఉచితమే గానీ అవతలివారు వచ్చి కూర్చుంటేనే. ఢిల్లీ అమ్మకందారు రాడు. మన జిల్లాలోనే గోడౌను పెట్టుకుని ఆన్‌లైన్‌లో అమ్మేవారి విషయంలో పనికొస్తుంది.

## మీరు ఎవరైతే ఏది

కార్డుతో, పేరున్న ప్లాట్‌ఫారంలో కొన్నవారు ఫిర్యాదుల అధికారికి ఉత్తరం, 1915, బ్యాంకు వివాద ఫారం మూడూ ఒకే వారంలో వేయాలి. ఉత్తరానికి నెల గడువు ముగిసేదాకా బ్యాంకును ఆపడం అనవసరం.

యూపీఐ లేదా నగదుతో కట్టినవారికి బ్యాంకు బలం లేదు కనుక ఉత్తరం, 1915 వెంటనే, నెల తిరిగేసరికి నోటీసు. ధర రెండు మూడు వేల లోపైతే అక్కడితో ఆగడమా కమిషన్ దాకా వెళ్లడమా అన్నది మీ తీరిక మీద ఆధారపడుతుంది. నా వరకైతే పది వేలు దాటితే వెళతాను, రెండు వేల లోపు అయితే వెళ్లను.

ఇన్‌స్టాగ్రామ్ పేజీలో చీర కొన్నవారి సంగతి వేరు. వెంకటగిరి చేనేత అని చెప్పి మరమగ్గం బట్ట పంపితే అది "వర్ణించినట్టు లేని సరుకు" కిందికే వస్తుంది, హక్కు పూర్తిగా ఉంది. లేనిది ఇన్‌వాయిస్, చిరునామా. పోస్టులోని ఫోటో, వర్ణన, ధర, వాట్సాప్ సంభాషణ, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, పార్శిల్ మీది పంపినవారి చిరునామా అన్నీ ఆ రోజే ఫోటో తీయండి, పోస్టు రేపటికి ఉండకపోవచ్చు. పార్శిల్ కవరు చించి పారేయకండి, కమిషన్‌కు ఎవరి పేరున నోటీసు వెళ్లాలో చెప్పే ఏకైక కాగితం అదే కావచ్చు.

ఇంటి ముందు టిఫిన్ బండి నడుపుకునేవారు గ్రైండరు కొంటే "వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కారు" అని అవతలివారు వాదిస్తారు. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొన్నది ఆ మినహాయింపు కిందికి రాదని చట్టమే చెబుతోంది. బండి మీరే నడుపుతున్నారని, జీవనాధారం అదేనని ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి.

కుప్పం, పలమనేరు వైపున్నవారికి దూరం అసలు ఖర్చు. కుప్పం నుంచి చిత్తూరు వంద కిలోమీటర్లకు పైనే, ఒక్కో వాయిదాకు ఒక రోజు కూలి పోతుంది. విచారణకు వీడియో ద్వారా హాజరయ్యేందుకు అనుమతి కోరే వీలును చట్టం ఇచ్చింది, ఆ అభ్యర్థనను దాఖలు రోజునే వేయండి. ఇది కుదరని పెద్దవాళ్లకు 1915, నోటీసు దగ్గరే గట్టిగా పట్టు పట్టడం మేలు.

## వస్తువు వెనక్కి ఇచ్చేటప్పుడు

ఏ దారిలో గెలిచినా పికప్‌కు మనిషి వస్తాడు. సీరియల్ నంబరు కనబడేలా ఫోటో తీసి, లోపం కనబడేలా ఒక నిమిషం వీడియో తీసి, పికప్ రసీదు లేదా యాప్‌లో "తీసుకున్నాం" అన్న సందేశం వచ్చాకే పెట్టె ఇవ్వండి. గోడౌనుకు చేరాక "తనిఖీలో తిరస్కరించాం" అనే జవాబు వస్తే మీ చేతిలో మిగిలే రుజువు అంతే.

మా విషయంలో ఉత్తరం, 1915, బ్యాంకు ఫారం ఒకే వారంలో వేసిన పదకొండో రోజున 6,490 రూపాయలు కార్డుకు తిరిగివచ్చాయి. మూడింటిలో ఏది పనిచేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. డబ్బు వచ్చిన రోజే బ్యాంకుకు రాసి వివాదం ఉపసంహరించుకున్నాను. లేకపోతే అదే మొత్తం రెండోసారి జమై, తర్వాత వెనక్కి పోయే చిక్కు ఉంటుంది. 1915 డాకెట్ మూయించడానికి మాత్రం మరో రెండుసార్లు ఫోన్ చేయవలసి వచ్చింది.